డ్రమ్ కోర్ షోల మీద మన వాదనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్ నెలాఖరు వచ్చిందంటే డాలస్ వైపు మా తెలుగు ఇళ్లలో కొత్త తగువు మొదలవుతుంది. పిల్లలు హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో చేరతారు. వాళ్ల వెనకాల మనం నీళ్ల క్యాన్లు మోస్తూ బ్యాండ్ పేరెంట్లమవుతాం. రెండేళ్లు తిరిగేసరికి పిల్లలకంటే మనకే డ్రమ్ కోర్ (వేసవిలో పోటీలాడే ఇత్తడి వాద్యాల, డ్రమ్ముల జట్లు) పిచ్చి ఎక్కువవుతుంది. ఆ తర్వాత ఏ పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్లినా, బిర్యానీ ప్లేటు పట్టుకుని నిలబడ్డచోట అవే ప్రశ్నలు. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పే ఓపిక లేక ఇలా రాసి పెడుతున్నాను. నేను బ్లూకోట్స్ అనే కోర్ మనిషిని. ఆ సంగతి ముందే చెప్పేశాను కాబట్టి, నా మాటల తూకంలో ఆ మేరకు తరుగు తీసుకోండి.

డ్రమ్ కోర్‌కీ, మా అమ్మాయి స్కూల్ బ్యాండ్‌కీ తేడా ఏంటి?

ముందు ఉచ్చారణ. అది కోర్, "కార్ప్స్" కాదు. ఇందులో ఫ్లూట్లు, క్లారినెట్లు, శాక్సోఫోన్లు ఉండవు. బాకాల జాతి ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, జెండాలూ రైఫిళ్లూ తిప్పే కలర్ గార్డ్, అంతే. ఒక్కో కోర్‌లో గరిష్ఠంగా 165 మంది. అందరూ ఆడిషన్‌లో నెగ్గి వచ్చినవాళ్లే. ఇరవయ్యొకటో ఇరవయ్యిరెండో ఏడు దాటితే "ఏజ్ అవుట్" అయిపోయినట్టే, ఇక ఎంత గొప్ప వాయిద్యకారుడైనా బయటికే. వేసవంతా బస్సుల్లో ఊరూరా తిరుగుతారు, స్కూల్ జిమ్ నేలమీద పడుకుంటారు, పగలంతా ఎండలో రిహార్సల్ చేసి రాత్రి పోటీ ఆడతారు.

పోటీలు నడిపేది డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్. అందరూ డీసీఐ అంటారు. 1971లో పుట్టింది. మొదటి ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగితే అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచారు. 2009 నుంచి ఫైనల్స్‌కి ఇల్లు ఇండియానాపొలిస్‌లోని లూకస్ ఆయిల్ స్టేడియం. ఆగస్టులో గురువారం ప్రిలిమ్స్, శుక్రవారం సెమీస్‌కి 25 కోర్‌లు, శనివారం రాత్రి ఫైనల్స్‌కి 12. ముందు రెండు రోజుల మార్కులు ఫైనల్‌కి కలవవు, శనివారం శనివారమే.

మార్కులు ఎలా వేస్తారు? నాకు ఎప్పుడూ అర్థం కాదు.

మొత్తం వంద. అందులో నలభై "జనరల్ ఎఫెక్ట్"కి, అంటే షో మొత్తంగా మనమీద ఎంత పనిచేసిందన్నదానికి. మిగతా అరవైలో ముప్పై విజువల్‌కి, ముప్పై మ్యూజిక్‌కి. విజువల్‌లో ముగ్గురు జడ్జీలు, మ్యూజిక్‌లో ముగ్గురు. ఒక్కొక్కరు ఇరవైకి వేస్తారు, కలిపితే అరవై, దాన్ని సగం చేస్తే ముప్పై. బ్రాస్ (ఇత్తడి వాద్యాలు), పెర్కషన్ (డ్రమ్ములు), కలర్ గార్డ్‌లకు ఇందులోనే విడివిడి షీట్లుంటాయి.

అసలు కీలకం ఇక్కడుంది. ప్రతి జడ్జి తన మార్కును రెండు ముక్కలుగా వేస్తాడు. మొదటిది ఏం చేయమని పిల్లల చేతికిచ్చారు అన్నదానికి. రెండోది ఇచ్చినదాన్ని ఎంత బాగా చేశారు అన్నదానికి. అవధానం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. సమస్య ఎంత కఠినంగా ఇచ్చారన్నది ఒక లెక్క. పూరణలో యతిప్రాసలు నిలిచాయా, భావం కుదిరిందా అన్నది ఇంకో లెక్క. తేలిక సమస్యని తడుముకోకుండా పూరించినా సభ లేచి నిలబడదు. కఠినమైనదాన్ని తీసుకుని గణాలు తప్పితే అదీ చెల్లదు. డ్రమ్ కోర్ అభిమానుల వాదనల్లో ముప్పాతిక భాగం ఈ రెండు లెక్కల్ని కలగాపులగం చేయడంవల్లే వస్తాయి. ఒకరు "ఆ షో గొప్పది" అంటారు, ఎదుటివారు "వాళ్లు క్లీన్‌గా లేరు" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, మాట్లాడేది మాత్రం ఒకే షీటులోని రెండు వేర్వేరు గళ్ల గురించి.

"షో డిజైన్" అంటే పాటలు ఎంచుకోవడమేనా?

అది మొదటి మెట్టు. ఒక కోర్‌లో ప్రోగ్రామ్ కోఆర్డినేటర్, బ్రాస్ అరేంజర్, పెర్కషన్ అరేంజర్, డ్రిల్ (మైదానంలో ఎవరెక్కడ నడవాలన్న పటం) రాసేవాడు, కొరియోగ్రాఫర్, ఎలక్ట్రానిక్ శబ్దాలు అల్లేవాడు, దుస్తులూ ప్రాప్స్ చూసేవాళ్లూ ఉంటారు. వీళ్లందరూ శీతాకాలమంతా కూర్చుని పదకొండు పన్నెండు నిమిషాల షోని కట్టుకొస్తారు. ఎవరు ఎక్కడ నడవాలి, ఏ అడుగుకి ఏ స్వరం, గట్టి హిట్ (వాద్యాలన్నీ ఒక్కసారి మోగే చోటు) వచ్చే క్షణానికి కలర్ గార్డ్ గాల్లోకి ఏం విసరాలి, ఆ క్షణానికి ప్రేక్షకుడి కన్ను మైదానంలో ఏ మూలన ఉండాలి, ఇదంతా డిజైనే. సినిమా భాషలో చెప్పాలంటే పాటలు బాగున్నా స్క్రీన్‌ప్లే తేలిపోతే సెకండాఫ్ ల్యాగ్ అంటాం చూడండి, ఇక్కడా అంతే. పదకొండు నిమిషాల్లోనూ ల్యాగ్ సాధ్యమే. మధ్యలో వచ్చే నెమ్మది పాటలో నేను చాలాసార్లు నాచోస్ కోసం లేచి వెళ్లాను.

ఎవరికీ అర్థం కాని షోలకి అన్ని మార్కులెందుకు?

ఇది ముప్పై ఏళ్లు దాటిన తగాదా. 1993లో స్టార్ ఆఫ్ ఇండియానా అనే కోర్ ఒక షో ఆడింది. శామ్యూల్ బార్బర్ రాసిన మెడియా సంగీతం, కరకరలాడే స్వరాలు, మెలితిరిగిన శరీరాలు, చప్పట్లు కొట్టడానికి ఎక్కడా సందు ఇవ్వని కట్టుదిట్టం. స్టేడియంలో సగం మంది నోళ్లు తెరిచి చూస్తే సగం మంది మొహాలు చిట్లించారు. ఆ ఏడాది క్యాడెట్స్ అనే కోర్ పదో వంతు తేడాతో గెలిచింది. స్టార్ వాళ్లు మళ్లీ డీసీఐ పోటీకి రాలేదు. రంగస్థలం వైపు మళ్లి, చివరికి "బ్లాస్ట్!" పేరుతో బ్రాడ్‌వే దాకా వెళ్లి 2001లో టోనీ అవార్డు కొట్టారు. ఇప్పుడు ఏ పాత అభిమానిని అడిగినా ఆ మెడియా షో కాలం కన్నా ముందొచ్చింది అంటాడు. ఆ రాత్రి ఆయన ఏమన్నాడో మాత్రం గుర్తుచేయకండి.

2012లో బ్లూ డెవిల్స్ అనే కోర్ వాళ్లు డాడా కళోద్యమం మీద "క్యాబరే వోల్టేర్" ఆడారు. అర్థం లేకపోవడమే దాని అర్థం. గెలిచారు కూడా. నేను ఆ షోని మూడుసార్లు చూశాను. మొదటిసారి విసుగొచ్చింది, రెండోసారి పిల్లలెంత కష్టమైన పని చేస్తున్నారో కనిపించింది, మూడోసారి మళ్లీ విసుగొచ్చింది. అయినా ఆ మార్కులు న్యాయమే. జనరల్ ఎఫెక్ట్ షీటులో బుద్ధికి తగిలేదానికీ గుండెకి తగిలేదానికీ రెండింటికీ చోటుంది. చప్పట్లు ఎంత గట్టిగా వచ్చాయో కొలిచే గడి మాత్రం అందులో లేదు.

2014లో "టిల్ట్"కి అన్యాయం జరిగిందా?

మా ఇంట్లో ఇది నిషిద్ధ ప్రశ్న. అయినా చెప్తాను.

బ్లూకోట్స్‌ది ఒహాయో రాష్ట్రంలోని క్యాంటన్. 1972లో ఆ ఊరి రిటైర్డ్ పోలీసులు మొదలుపెట్టారు, పేరులోని నీలికోటు పోలీసుదే. చాలా ఏళ్లు జాజ్ వాయించే మంచి కోర్ అనే పేరు తప్ప కిరీటం ఊసు లేదు. 2014లో "టిల్ట్" వచ్చింది. మైదానంలో గీతలన్నీ ఒక పక్కకి ఒరిగినట్టుండే ఆకారాలు, మధ్యలో వియెనా టెంగ్ పాట "ది హిమ్ ఆఫ్ ఆక్సియమ్", ఆఖర్లో ఆ జారుడు. హార్న్‌లైనూ (ఇత్తడి వాయించేవాళ్లంతా) ఎలక్ట్రానిక్సూ కలిసి మొత్తం స్వరసమూహాన్ని ఒక ఎత్తునుంచి ఇంకో ఎత్తుకి జార్చేస్తాయి. మన సంగీతంలో జారు అంటామే, గాయకుడు ఒక్క గొంతుతో చేసే పని, దాన్ని స్టేడియం నిండేలా చేశారు. మెట్లమీద నిలబడ్డ మనిషికి కాళ్లకింద నేల ఒరిగినట్టు ఉంటుంది. అంతకుముందు డ్రమ్ కోర్‌లో ఎవరూ అలాంటి ముగింపు వినలేదు.

అదే ఏడాది బ్లూ డెవిల్స్ ఫెడెరికో ఫెల్లీని సినిమాల ప్రపంచం మీద "ఫెల్లీనియెస్క్" ఆడి 99.650 తెచ్చుకున్నారు. డీసీఐ చరిత్రలో అంత మార్కు ఇంకెవరికీ రాలేదు. బ్లూకోట్స్ రెండో స్థానంలో, రెండు పాయింట్లకు పైగా వెనక.

అన్యాయమా? నేను చాలా ఏళ్లు అవుననే వాదించాను. వీడియోలు పక్కపక్కన పెట్టి చూశాక నోరు మూసుకున్నాను. "టిల్ట్"ని జనం గుర్తుపెట్టుకునేది ఆ ముగింపుకి. "ఫెల్లీనియెస్క్"లో ఏ నిమిషం తీసుకున్నా ఒకేసారి మూడు నాలుగు పనులు జరుగుతుంటాయి, నాలుగూ తప్పు లేకుండా. జడ్జి కూర్చునేది పదకొండు నిమిషాలూ. ఆఖరి ముప్పై సెకన్ల కోసం మిగతా పదిన్నర నిమిషాలని మరిచిపొమ్మని అతన్ని అడగలేం కదా.

కానీ ఆ తర్వాతి పదేళ్లు ఎవరిని అనుకరించారో చూడండి. ఎలక్ట్రానిక్స్‌ని వెనకాల శబ్దం నింపే డబ్బాగా కాకుండా వాద్యంగా వాడటం, ముగింపులో చెవిని మోసం చేయడం, ఇవన్నీ "టిల్ట్" తర్వాతే ఊరందరి సొత్తయ్యాయి. అందుకని నా జవాబు: మార్కులు సరిగ్గానే పడ్డాయి, వారసత్వం మాకు దక్కింది. మా ఇంట్లో బ్లూ డెవిల్స్ పక్షం వహించే మనిషి ఒకరున్నారు. ఆవిడ ఈ జవాబుకి ఒప్పుకోరు.

2016లో టోపీలు తీసేశారని పెద్దవాళ్లు ఎందుకంత బాధపడ్డారు?

డ్రమ్ కోర్ మూలం సైనిక సంప్రదాయంలో ఉంది. తలమీద ఈకల టోపీ, ఛాతీమీద పట్టీ, నిటారు నడక. 2016లో "డౌన్ సైడ్ అప్" షోకి బ్లూకోట్స్ ఇవన్నీ పక్కనపెట్టి ఒంటికి అతుక్కునే తెల్లటి దుస్తుల్లో, టోపీ లేని తలలతో మైదానంలోకి వచ్చారు. దానికితోడు వంపు తిరిగిన పెద్ద పెద్ద ర్యాంపులు. బాకా పట్టుకున్న పిల్లలు వాటిమీదికి ఎక్కుతారు, జారుతారు. పెళ్లికి ధోతీ బదులు ట్రాక్‌ప్యాంట్ వేసుకొచ్చిన పెళ్లికొడుకుని చూసినట్టు చూశారు పాతకాపులు.

97.650తో గెలిచారు. బ్లూకోట్స్‌కి మొట్టమొదటి టైటిల్. మరుసటేడు నుంచి టోపీ లేని తలలు ఎన్ని కనపడ్డాయో లెక్కపెట్టడం మానేశాను. ఇందులో ఉన్నది హంగు ఒక్కటే కాదు, లెక్క కూడా ఉంది. బిగుతు యూనిఫాం విప్పితే శరీరం వంగుతుంది, నేలమీద దొర్లుతుంది. హార్న్ వాయించేవాడు కూడా నర్తకుడవుతాడు. ఏం చేయమని ఇచ్చారన్న గడిలో మార్కుల పైకప్పు అలా ఎత్తవుతుంది. టోపీ పెట్టుకుని ర్యాంపు మీద జారమంటే అది వేరే రకం వినోదం.

ఆ సింథ్ మోత ఏంటి? బ్రాస్ వినపడనివ్వదే!

ఈ ఒక్క విషయంలో నేను పాతకాపుల పక్షమే. మైకులు 2004లో వచ్చాయి, సింథసైజర్లు 2009లో. అప్పటినుంచి ప్రతి పెద్ద హిట్ కిందా స్పీకర్లలోంచి ఒక బరువైన బేస్ మోత. అభిమానులు దాన్ని వెక్కిరింపుగా "థండరస్ గూ" అంటారు. ఉరిమే బంక అనుకోండి. డీజే బండి వెనక డప్పు నడిచినట్టుంటుంది. దరువు కళ్లకి కనిపిస్తుంది, చెవికి బండి ఒక్కటే. డెబ్బై ఎనభై మంది ఇత్తడి ఊదుతుంటే వినిపించడానికి సాయం ఎందుకు?

సమర్థించేవాళ్ల మాటలోనూ బలముంది. ఇండియానాపొలిస్ స్టేడియం పైకప్పు ఉన్నది, శబ్దం గోడలకి కొట్టుకుని తిరిగొస్తుంది, బేస్ కలిస్తే ట్యూబాల స్వరం చుట్టూ మిగతా హార్న్‌లు నిలబడతాయి అంటారు. సరే. కానీ మంచి సౌండ్ ఇంజనీర్ ఉన్న కోర్‌కీ లేని కోర్‌కీ తేడా ఎక్కువైంది. టూర్‌లో ప్రతి ఊళ్లో మైదానం మారుతుంది, స్పీకర్లు పెట్టే చోటు మారుతుంది. మిక్సింగ్ బోర్డు దగ్గర కూర్చున్నవాడి చెవి కూడా ఇప్పుడు పోటీలో ఉన్నట్టే.

మధ్యలో ఎవరో మాట్లాడుతూనే ఉంటారు. అవసరమా?

లేదు. 2006 నుంచి 2008 దాకా క్యాడెట్స్ షోలు మాటలతో నింపేసి సొంత అభిమానులకే తలనొప్పి తెప్పించారు. ఒకటి రెండు వాక్యాలు చాలు. 2008లో ఫాంటమ్ రెజిమెంట్ పిల్లలు ఒక్కొక్కరే "ఐ యామ్ స్పార్టకస్" అని అరిస్తే స్టేడియం వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అది మాట్లాడటం కాదు, ఆడటం.

జూన్‌లో మా కోర్ మూడో స్థానంలో ఉంది. ఈ ఏడాదికి అయిపోయినట్టేనా?

జూన్ మార్కులు బెనిఫిట్ షో టాక్ లాంటివి. వినాలి, కానీ దాన్ని పట్టుకుని పందెం కాయకూడదు. పెద్ద కోర్‌లు కూడా సీజన్ మొదట్లో డెబ్బైల్లో ఉంటాయి, ఆగస్టులో తొంభై ఏడు, తొంభై ఎనిమిది దాకా ఎక్కుతాయి. ఈ ఆరేడు వారాల్లో ఏం జరుగుతుందో తెలిస్తే పట్టికని చూసే పద్ధతి మారుతుంది.

మొదటి మాట, వేర్వేరు ఊళ్ల మార్కులు పోల్చకండి. కాలిఫోర్నియాలో ఒక జడ్జి వేసిన 74నీ, అదే రాత్రి ఒహాయోలో ఇంకో జడ్జి వేసిన 75నీ పక్కపక్కన పెట్టి సంబరపడేవాళ్లని ఏటా చూస్తాను. ఇద్దరి కొలబద్దలు వేరు. బలమైన కోర్‌లన్నీ ఒకే రాత్రి ఒకే జడ్జీల ముందు నిలిచేది జులైలో, టెక్సాస్ వైపు. శాన్ ఆంటోనియోలో అలమోడోమ్ స్టేడియం పోటీ అయ్యేదాకా నేను నోరు మెదపను.

రెండోది, మొత్తం మార్కు కాదు, రిక్యాప్ చూడండి. ప్రతి జడ్జి ఏ గడిలో ఎంత వేశాడో అందులో ఉంటుంది. ఒక కోర్ వెనకబడింది అనుకుందాం. "ఏం చేయమని ఇచ్చారు" గడిలో పైవాళ్లతో సమానంగా ఉండి, "ఎలా చేశారు" గడిలో తక్కువగా ఉంటే దిగులుపడకండి. రిహార్సల్ దాన్ని తీరుస్తుంది. అడుగులు కలుస్తాయి, స్వరాలు కుదురుకుంటాయి, విసిరిన రైఫిళ్లు చేతుల్లోనే పడతాయి. తిరగబడితే మాత్రం కష్టం. పిల్లలు జూన్‌లోనే నున్నగా చేసేస్తున్నారు, కానీ చేయడానికి ఇచ్చింది తక్కువ అంటే ఇక పెరగడానికి చోటు లేదు. జూన్‌లో ముందుండి ఆగస్టులో నాలుగో స్థానానికి జారే కోర్‌లది ఎక్కువగా ఈ కథే.

మూడోది జనరల్ ఎఫెక్ట్. నలభై మార్కులున్నచోట నాలుగు పదో వంతులు వెనకబడితే బ్రాస్ ఒక్కటే గెలిచి పూడ్చలేరు. బ్రాస్ జడ్జి ఇచ్చే ఆధిక్యం మొత్తంలోకి సగమే వస్తుందని గుర్తుపెట్టుకోండి. "మా హార్న్‌లైన్ అందరికన్నా గొప్పది, ఎందుకు ఓడిపోయాం?" అని అడిగేవాళ్లకి జవాబు ఈ గుణకారంలోనే ఉంది.

నాలుగోది చాలామంది మరిచిపోయేది. సీజన్ నడుస్తుండగానే షోని మారుస్తారు. ముగింపు తిరగరాస్తారు, కొత్త ప్రాప్ తెస్తారు, జూన్‌లో కలర్ గార్డ్ వేసుకున్న దుస్తులు జులైలో కనపడవు. పోటీ తర్వాత జడ్జీలు స్టాఫ్‌తో కూర్చుని ఏది పండింది ఏది పండలేదో చెప్పే పద్ధతి ఉంది. తెలివైన స్టాఫ్ అందులో విన్నదాన్ని వారంలో మైదానం మీద పెట్టేస్తారు. అలా మార్చడానికి కావాలనే చోటు మిగుల్చుకుని జూన్‌లో దిగే కోర్‌లున్నాయి. అసంపూర్తిగా ఉన్న ముగింపు చూసి "ఇంతేనా?" అని పెదవి విరిస్తే ఆగస్టులో నాలుక కరుచుకోవాలి. నేను కరుచుకున్నాను.

జడ్జీలు ముందే నిర్ణయించేసుకుంటారట, నిజమేనా?

దీన్ని "స్లాటింగ్" అంటారు. నిరుడు మూడోది కాబట్టి ఈ ఏడాదీ మూడు దగ్గరే మొదలవుతుందని ఆరోపణ. పూర్తిగా కొట్టిపారేయను. 1972 నుంచి 2025 దాకా టైటిల్ చూసినవి పదకొండు కోర్‌లే. ఒక్క బ్లూ డెవిల్స్‌కే 21 ఉన్నాయి. పేరున్న కోర్ బస్సు దిగితేనే ఒక గౌరవం వస్తుంది. జడ్జీలూ మనుషులే.

కానీ కారణం జడ్జీలే అనుకుంటే లెక్క తప్పుతుంది. గెలిచే కోర్‌కి గెలవాలనుకునే పిల్లలు ఆడిషన్‌కి వస్తారు. నిరుటి సభ్యుల్లో ఎక్కువమంది తిరిగొస్తారు. డబ్బు నిలకడగా ఉంటే మంచి డిజైనర్లు ఉంటారు. గుండ్రంగా తిరిగే చక్రం ఇది. దాన్ని తిప్పలేక పెద్ద పేర్లే కూలాయి. పది టైటిళ్ల క్యాడెట్స్ 2024లో మూతపడింది. ఏడు టైటిళ్ల శాంటా క్లారా వాన్‌గార్డ్ 2023 సీజన్ మొత్తం ఇంట్లో కూర్చుని 2024లో తిరిగొచ్చింది.

స్లాటింగే సత్యమైతే బాస్టన్ క్రూసేడర్స్ సంగతేంటి? 1940లో పుట్టిన కోర్. ఫైనల్స్ పన్నెండులో మొదటిసారి అడుగుపెట్టింది 1999లో. డిజైన్ బృందాన్ని మార్చుకున్నాక 2017 నుంచి మెట్లెక్కడం మొదలుపెట్టి 2025లో "బూమ్" షోతో మొట్టమొదటి టైటిల్ కొట్టింది. పుట్టిన ఎనభై అయిదేళ్లకి. ఆ రాత్రి రెండో స్థానం మాదే, "ది అబ్జర్వర్ ఎఫెక్ట్"తో. అయినా వాళ్ల పిల్లలు ఏడుస్తుంటే నాకూ కళ్లు చెమర్చాయి.

పాయింటులో పిసరంత తేడాతో గెలుపోటములేంటి? అసలు అర్థముందా?

2008లో బ్లూమింగ్టన్‌లో జరిగిన ఫైనల్స్‌లో ఫాంటమ్ రెజిమెంట్ 98.125, బ్లూ డెవిల్స్ 98.100. తేడా 0.025. ఇప్పటి పద్ధతిలో చూస్తే, బ్రాస్ జడ్జి ఒక్కడు ఒక్క పదో వంతు ఎక్కువ వేసినా మొత్తంలో 0.05 కదులుతుంది. అంటే ఆ తేడా ఒక జడ్జి పెన్ను వణుకులో సగం. రెండు షోలలో ఏది గొప్పదో ఆ అంకె చెప్పదు. ట్రోఫీ ఎవరింటికి వెళ్లాలో మాత్రం చెబుతుంది. 1996లో, 1999లో, 2000లో ఇద్దరిద్దరు పంచుకున్నారు కూడా.

పాత రోజుల్లో అయితే మార్కులు కచ్చితంగా ఉండేవటగా?

1983 దాకా "టిక్" పద్ధతి. జడ్జి మైదానంలో తిరుగుతూ తప్పు కనిపించినప్పుడల్లా గీత గీసేవాడు, గీతకి పదో వంతు కోత. మన డిక్టేషన్ దిద్దినట్టు. కచ్చితంగా ఉందనిపిస్తుంది, కానీ తప్పు చేయకూడదంటే కష్టమైంది రాయకపోవడమే తెలివి అవుతుంది. 1984లో దాన్ని తీసేశారు. ఈ రోజు మనం పోట్లాడుకుంటున్న వింత డిజైన్లకి తలుపు తెరిచింది ఆ మార్పే. అంతకు ముందే, 1983లోనే, గార్‌ఫీల్డ్ క్యాడెట్స్ (పైన చెప్పిన క్యాడెట్సే, అప్పటి పేరు) జార్జ్ జింగాలీ రాసిన డ్రిల్‌తో మైదానాన్ని రెండు సమాన భాగాలుగా చూసే అలవాటుని చెరిపేసి గెలిచారు. మొదట్లో దాన్నీ గజిబిజి అన్నవాళ్లున్నారు.

గెలిస్తే డబ్బేమైనా వస్తుందా? చదువు సంగతేంటి?

డబ్బు పిల్లలకి రాదు, పిల్లలే కడతారు. సీజన్‌కి కొన్ని వేల డాలర్లు. వచ్చేది పతకం, ఉంగరం కొనుక్కునే హక్కు, కందిపోయిన మెడ. చదువుకి వేసవి సెలవులు పోతాయి. ఇంటర్న్‌షిప్ పోతుందని మా బంధువొకాయన కొడుకుని ఆపేశాడు. ఆ కుర్రాడు ఇప్పటికీ ఆగస్టులో ఫోన్ ఎత్తడు. శాకాహారులకి వంట బండి దగ్గర ముందే చెబితే చూస్తారు. రోజుకి నాలుగు పూటలు పెడతారు, అన్నం మాత్రం ఆశించకండి.

మా వాడు ఆడిషన్‌కి వెళ్తానంటున్నాడు. గెలిచే కోర్‌కే పంపాలా?

ఎవరు వాడికి బాగా నేర్పుతారో అక్కడికి. స్నేర్ డ్రమ్ వాయించే పిల్లాడు పెర్కషన్ స్టాఫ్ ఎవరో చూడాలి, కోర్ స్థానం కాదు. వీడియో ఆడిషన్‌తో మొదలుపెట్టవచ్చు. పై వరుస కోర్‌లో చోటు రాకపోతే ఓపెన్ క్లాస్ కోర్‌లో ఒక వేసవి తిరిగొస్తే మరుసటేడు వాడి చేతులే వాడి సిఫార్సు. ఇంకో సంగతి. ఏ షో ఆడతారో నవంబర్ ఆడిషన్ నాటికి ఎవరూ చెప్పరు. డిజైన్ నచ్చి చేరదాం అనుకుంటే కుదరదు.

వచ్చే ఏడాది బ్లూకోట్స్ గెలుస్తారా?

2023లో రెండో స్థానం, 2024లో "చేంజ్ ఈజ్ ఎవ్రీథింగ్"తో మొదటి స్థానం, 2025లో మళ్లీ రెండో స్థానం. ఆ వరుస చూస్తే మొదటి మూడింట్లో ఉండకపోతేనే వింత. నా భయం వేరే. ఏటా అందరినీ ఆశ్చర్యపరచడమే పనిగా పెట్టుకున్న కోర్‌కి, ఆశ్చర్యాన్ని ముందే ఊహించుకుని వచ్చే ప్రేక్షకులు తయారయ్యారు. జడ్జీలూ అంతే. బాస్టన్‌కి 2025లో ఆ బరువు లేదు. దిగి, దంచి, వెళ్లారు. అందుకని ఈసారి మా వాళ్లు ఏ వింతా లేకుండా తిన్నగా జాజ్ వాయిస్తే, అదే అసలైన వింత అని నా అంచనా. నా అంచనాలు ఎన్నిసార్లు ఫలించాయో మా ఆవిడని అడగకండి.

చివరి ప్రశ్న: బ్లూకోట్స్ మైదానంలోకి రాగానే జనం "బూ" అంటారెందుకు? అంత చెడ్డవాళ్లా?

అలమోడోమ్‌కి మొదటిసారి తీసుకెళ్లినప్పుడు మా ఆవిడ సరిగ్గా ఇదే అడిగింది. "పాపం పిల్లలు, ఇంకా వాయించనైనా లేదు, అప్పుడే వెక్కిరింపులా?" అని పక్కవాళ్లమీద కోపంగా చూసింది. వాళ్లు అనేది "బ్లూ". గొంతు సాగదీసి, లోగొంతుకతో, "బ్లూఊఊ". నేను అప్పటికే లేచి నిలబడి అరుస్తున్నాను. ఆవిడ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.